శ్రావణంతో మొదలు

ముప్పై ఒక్క సంవత్సరాలు హైస్కూలు పిల్లలకు తెలుగు చెప్పాను. నానార్థాలు చెప్పడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడని నాకొక నమ్మకం. నమ్మకమే, ఎవరూ అనలేదు. కరము అంటే చెయ్యి, కిరణం, తొండం, పన్ను అని నాలుగు వేళ్ళు మడిచి, పన్నంటే నోట్లోదా, ప్రభుత్వానిదా అని పిల్లల్ని మళ్ళీ తికమక పెట్టి, వాళ్ళు నవ్వితే పొంగిపోయేవాణ్ణి. పరీక్షలో నానార్థాలకు రెండు మార్కులు. ఒక్క అర్థమే రాసినవాడికి ఒక్క మార్కే వేసి, "రెండో అర్థం ఏదిరా?" అని పక్కన ఎర్ర సిరాతో గీకేవాణ్ణి.

అటువంటి నేను అరవై దాటాక ఒక మాటకు ఒక్క అర్థమే తెలిసి, రెండోది తెలియక, మూడు నెలలకు పైగా చేతులు ముడుచుకుని కూర్చున్నాను. ఆ తప్పుకు ఒక్క మార్కే పోయి ఉంటే ఈ నాలుగు మాటలూ రాసేవాణ్ణి కాదు.

ఇదంతా ఒక కటింగ్ ప్లేయర్ దగ్గర మొదలైంది.

మా ఆవిడకు వాళ్ళమ్మ ఇచ్చిన బుట్టకమ్మల జత ఒకటి ఉండేది. పుట్టిల్లు చిట్టమూరు నుంచి ఆమెతోపాటు వచ్చిన ట్రంకుపెట్టె తుప్పుపట్టిపోయింది, ఇత్తడి బిందె సొట్టలుపడి అటకెక్కింది, కమ్మలు మాత్రం చెవుల్లోనే ఉన్నాయి. చెవి తమ్మెకు ఆనుకుని ఒక చిన్న పువ్వు, దాని కింద గంటలాగా వేలాడే బుట్ట, వెనక బిగించుకోవడానికి సీల. చర్చిలో పాట పాడేటప్పుడు ఆమె తల కొంచెం ఊగేది, బుట్టలు తాళం వేసేవి. నాకు రాగం పట్టుబడదు. మగవాళ్ళ వైపు కూర్చుని, ఆ బుట్టల ఊపు చూసి పాట ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకుని, అక్కడ నోరు కదిపేవాణ్ణి. నేను బాగా పాడతానని మా సంఘంలో ఇప్పటికీ ఇద్దరు ముగ్గురు అనుకుంటారు.

ఆ వేసవిలో ఒక కమ్మ సీల మర పట్టేసింది. నూనె వేసి, బరువుకు సాగిన చెవి రంధ్రంలోంచి సీలతో సహా ఎలాగో ఒలిచినట్టు తీసింది గాని సీల మాత్రం కాడను వదల్లేదు. మన వీధి చివర బంగారప్పని ఆచారికి ఇచ్చి రా, అరగంట పని అంది. ఇంతమాత్రానికి ఆచారి ఎందుకని, కరెంటు పనుల కోసం కొన్న కటింగ్ ప్లేయర్ తీశాను. దాని పేరులోనే కటింగ్ ఉంది. మాటలు నమ్ముకుని బతికినవాణ్ణి, గమనించి ఉండాల్సింది. సీలను పట్టి తిప్పాను. అది తిరగలేదు, కాడతో సహా తెగింది. తెగిన ఊపుకు ప్లేయర్ మూతి జారి బుట్టను నొక్కేసింది. గంటలా ఉండేది గవ్వలా అయింది.

ఆమె అరవలేదు. నా చేతిలోంచి ప్లేయర్ తీసి పక్కన పెట్టింది.

"ఇంక ప్లేయర్ చాల్లే ఐవారూ. ప్రేయర్ జేసుకో," అంది.

ఐవారంటే మా వైపు పంతులు. ఆమెకు కోపం వచ్చినా అదే పిలుపు, ప్రేమ వచ్చినా అదే పిలుపు. ఏదో తెలియాలంటే మొహం చూడాలి. ఆరోజు చూశాను. రెండూ ఉన్నాయి.

అప్పుడైనా కమ్మ తీసుకుని ఆచారి దగ్గరికి నడిచి ఉండవచ్చు. కానీ నాకు పంతం వచ్చింది. పంతులుకు పంతం ఊరికే రాదు, పేరులోనే ఉంది. తెంపినవాణ్ణి నేను, అతికేవాణ్ణీ నేనే, పని నేర్చుకుని నా చేతులతోనే బాగుచేసి ఇస్తానని అనేశాను. ఆమె దాన్ని అక్కడికక్కడే గట్టిగా పట్టుకుంది. సరే, ఇంక ఆచారి అతికితే నేను పెట్టుకోను, నువ్వు అతికితేనే పెట్టుకుంటానంది. పెరట్లోకి పోయి రెండు వేపపుల్లలు గిల్లుకొచ్చి, చెవుల రంధ్రాలు పూడిపోకుండా చెరొకటి పెట్టుకుంది. ఒక కమ్మ బాగానే ఉంది గదా అంటే, జతలేనిదాన్ని ఒక్కదాన్నే ఎట్టా పెట్టుకునేదని దాన్నీ తీసి, రెంటినీ ఖాళీ బామ్ డబ్బాలో దాచింది. అద్దంలో చూసుకుని ఎట్టుండానంది. కమ్మగా ఉన్నావని అనలేను, వేప కదా అన్నాను. భుజం మీద ఒకటి వేసింది.

ఫోనులో ఒక వీడియో చూశాను. నగలపని కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఏమేం పనిముట్లు కావాలో ఒక అమ్మాయి గడగడా చెప్పుకుపోయింది. పన్నెండు పేర్లు. అన్నీ ఇంగ్లీషువే. వాటిని తెలుగు అక్షరాల్లో, మార్జిను కొట్టి, వరస నంబర్లు వేసి కాగితం మీద ఎక్కించి, ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆచారి కొట్టుకు వెళ్ళాను.

మా వీధి హైవే వైపు తిరిగే మలుపులో ఆయన కొట్టు. మంచమంత ఉంటుంది. ముందు కుంపటి, పక్కన నీళ్ళ చట్టి, మోకాళ్ళ మధ్య చెక్కపీట. వడ్ల లారీ పోయినప్పుడల్లా గోడకు తగిలించిన చిన్న త్రాసు వణుకుతుంది. ఆయనకు డెబ్భై దాటింది. కొత్త నగలకు అందరూ నెల్లూరు షోరూములకే పోతారు. ఆయన దగ్గరికి వచ్చేవి తెగినవీ, ఊడినవీ, వంగినవీ. నా దగ్గరికి బంగారం రాదు, బంగారానికి వచ్చే జబ్బులే వస్తాయని నవ్వేవాడు. వాళ్ళ అబ్బాయికి నేను తెలుగు చెప్పాను. అందుకని నేనంటే గౌరవం. ఆ గౌరవమే నన్ను ముంచింది. మరీ చనువున్నవాడైతే రెండోసారి గట్టిగా అడిగేవాడు.

నేను వెళ్ళేసరికి ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని దీపం మంటను ఒక ఉంగరం మీదికి వంచుతున్నాడు. పొడుగాటి సన్న గొట్టం అది. చివర వంపు. ఊపిరితో మంటను కావలసిన చోటికి పంపిస్తారు. ఆ పనిలో ఉండగా మాట్లాడలేరు. నేను మాట్లాడగలను కాబట్టి ఆగకుండా మాట్లాడాను. సంగతంతా చెప్పి, "నాకు నేర్పాలి ఆచారి గారూ. దేనితో మొదలుపెట్టాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి?" అని అడిగాను. ఒక వాక్యంలో రెండు ప్రశ్నలు పెడితే జవాబు దేనికో తేలదని పిల్లలకు చెప్పినవాణ్ణే.

ఆయన ఉంగరాన్ని నీళ్ళలో వేశాడు. అది చుయ్ మన్నాక గొట్టం తీసి అన్నాడు:

"శ్రావణంతో మొదలుపెడదాం ఐవారూ. శ్రావణంతోనే రాండి."

అంతే. మళ్ళీ గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. నేను దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఆచారి కదా, ఆచారం చూసుకుంటాడనుకున్నాను. శ్రావణమాసం బంగారం పనివాళ్ళకు పంట నెల. లక్ష్మీ రూపులు చేయించుకునేదీ అప్పుడే, మంచిపనులు మొదలుపెట్టుకునేదీ అప్పుడే. ఒక విద్యను మంచి నెలలో మొదలుపెడదామంటున్నాడు, ఎంత పద్ధతైన మనిషి అని దారి పొడుగునా మెచ్చుకున్నాను. ఇంట్లో చెబితే మా ఆవిడ కూడా మెచ్చుకుంది.

చిక్కేమిటంటే, మాకు జనవరి, ఫిబ్రవరి తప్ప వేరే నెలలు లేవు. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా వరసగా అప్పజెబుతాను గాని ఏది ఎప్పుడొస్తుందో తెలియదు. మా ఇంట్లో వేలాడేది చర్చి క్యాలెండరు, దాన్లో నెలకొక వాక్యం. పక్కింటి అక్కను అడిగాను. వాళ్ళది వరి సేద్యం, పంచాంగం నోటికొచ్చు.

"ఈ ఏడు రెండు శ్రావణాలు ఐవారూ. ముందొచ్చేది అధిక శ్రావణం. అది లెక్కలోది గాదు, మంచిపనికి పనికిరాదు. అది పోయినాక నిజ శ్రావణం వస్తది. అప్పుడు మొదలుబెట్టుకో," అంది.

నెలల లెక్క సరిపోవడానికి కొన్నేళ్ళకొకసారి ఇలా ఒక నెల ఎక్కువొస్తుందట. ఆ ఏడే రావాలా దానికి. చేసేదేముందని బియ్యం కొట్టు నుంచి పంచాంగం క్యాలెండరు ఒకటి తెచ్చి మేకుకు తగిలించాను. మా ఇంట్లోకి తిథులూ నక్షత్రాలూ రావడం అదే మొదలు. పాస్టరుగారు ప్రార్థనకు వచ్చిన రోజున మా ఆవిడ ఆరీ ఆరని నా చొక్కా తెచ్చి దానిమీద కప్పింది. ఆయన వెళ్ళాక చొక్కా తీసి, శ్రావణం ఉందా, పాస్టరుగారిని చూసి పారిపోయిందా అని చూసింది.

నెల గడిచింది. ఒకరోజు బియ్యం కొట్టు దగ్గర ఆచారి కనపడ్డాడు.

"ఏం ఐవారూ, శ్రావణం యాడిదాకా వచ్చింది?" అన్నాడు.

"వస్తా ఉంది. ఇంకా టైముంది," అన్నాను.

"అంత దూరం నించా?" అన్నాడు ఆశ్చర్యంగా.

మంచి చమత్కారి అనుకుని నవ్వాను. నేను నవ్వాను కదా అని ఆయనా నవ్వాడు. ఇద్దరం ఎవరి బియ్యం వాళ్ళు తెచ్చుకున్నాం.

వారానికొకసారి ఆమె పాత పుల్లలు తీసి కొత్తవి పెట్టుకునేది. పెరట్లో చెట్టు నుంచి గిల్లి, పైతోలు గోటితో ఒలిచి, మొన నున్నగా చేసి పెట్టుకునేది. చర్చిలో పాట పాడేటప్పుడు తల ఊగేది, పుల్లలు ఊగేవి కావు. నేను రెండు ఆదివారాలు తప్పు చరణం దగ్గర నోరు తెరిచాను. ఆషాఢంలో ఒకరోజు నాకే మనసాగలేదు. పంతం పక్కన పెడదాం, ఆచారికి ఇచ్చేస్తా, సాయంత్రానికి పెట్టుకుందువు అన్నాను. డబ్బా చేతిలోకి తీసుకున్నాను కూడా. ఆమె వెనక్కి తీసుకుంది.

"మాటన్నాక మాటే ఐవారూ. ఇన్నాళ్ళు ఉండినా గదా, ఇంకెంత?"

ఆ డబ్బా ఎందుకు లాక్కోలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. జవాబు ఉంది, చెప్పుకోవడానికి బాగుండదు. ఆమె అలా ఎదురుచూడడం నాకు బాగుండింది.

అధిక శ్రావణం మొదలైన పది రోజులకు ఆమెకు జ్వరం వచ్చింది. వానలకు ముందు ఉక్కపోతకు అందరికీ వస్తున్నదే అనుకున్నాం. నాలుగో రోజుకు దగ్గు, ఆరో రోజుకు ఆయాసం. నెల్లూరులో ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. స్కానింగుకు తీసుకుపోయే ముందు నర్సమ్మ వచ్చి ఒంటిమీద బంగారం ఏమైనా ఉంటే తియ్యాలని చెవుల వైపు వంగింది.

"అవి బంగారం గాదు పాపా, వేపపుల్లలు," అంది మా ఆవిడ, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ. "మా ఐవారు కమ్మలు చేస్తా ఉండారు. శ్రావణానికి వస్తాయి."

నర్సమ్మ నా వైపు చూసి, మీరు బంగారం పని చేస్తారా సార్ అని అడిగింది. నేర్చుకోబోతున్నానమ్మా అన్నాను.

నిజ శ్రావణం ఇంకా ఆరు రోజులుందనగా ఆమె వెళ్ళిపోయింది. లెక్కలోది కాని నెలలో. లెక్కలోది కాని నెలలో జరిగినవి కూడా లెక్కలోకి రాకుండా పోయే సౌకర్యం ఏమైనా ఉందేమోనని ఆ రాత్రంతా ఆలోచించాను. పక్కింటి అక్కను అడగలేదు. అడిగితే ఏడుస్తుంది.

సంఘం ఆడవాళ్ళు స్నానం చేయించి తెల్లచీర కట్టారు. ఒకామె చెవుల్లో పుల్లలు తియ్యబోతే వద్దన్నాను. ఎందుకన్నయ్యా అంది. కడబూర మోగి అందరం లేచే రోజున చెవులు పూడిపోయి ఉంటే నన్నేమంటుందో నాకు తెలుసమ్మా అన్నాను. పాస్టరుగారు విన్నారు. తల వంచుకుని బైబిలు తెరిచారు. పుల్లలు అలాగే ఉన్నాయి.

సమాధుల తోట గేటు బయట ఆచారి నిలబడి ఉన్నాడు. లోపలికి రావచ్చో లేదో తెలియక, కండువా రెండు చేతుల్లో పట్టుకుని, అందరూ వెళ్ళేదాకా నిలబడ్డాడు.

ఆరు రోజుల తరువాత నిజ శ్రావణం వచ్చింది. పొద్దున లేచి క్యాలెండరు చూశాను. స్నానం చేశాను. ఉతికిన పంచె కట్టాను. ఎందుకు వెళుతున్నావని ఎవరైనా అడిగితే చెప్పలేను. మాటిచ్చిన రోజు వచ్చింది, కాళ్ళు పోయాయి.

ఆచారి నన్ను చూసి లేచి నిలబడబోయాడు. వద్దని ఆయన ఎదుట కూర్చున్నాను.

"శ్రావణం వచ్చింది ఆచారి గారూ," అన్నాను.

ఆయన నా చేతుల వైపు చూశాడు. అవి ఖాళీగా ఉన్నాయి.

"ఏదీ?" అన్నాడు.

"ఏదీ అంటే? ఈరోజే కదా, పాడ్యమి."

ఆయనకు అర్థం కాలేదు. నన్ను చూశాడు, వీధిలోకి చూశాడు, మళ్ళీ నా ఖాళీ చేతులు చూశాడు. అప్పుడు ఆయన మొహం మారడం చూశాను. నిదానంగా, అంచుల నుంచి మధ్యకు ఎండిపోతున్న మడిలాగా మారింది. పీట కింద చెయ్యి పెట్టి, పాత పేపరు చుట్టిన పొట్లం తీశాడు. విప్పాడు. సన్నటి ఉక్కు రేకులు రెండు. ఒక కొన దగ్గర కలిసిపోయి, రెండో కొన సూదుల్లా తేలి ఉన్నాయి. వేళ్ళతో నొక్కితే మొనలు కలుస్తాయి, వదిలితే విడిపోతాయి. సన్న సన్న ముక్కల్ని పట్టుకునే పనిముట్టు.

"ఇదీ శ్రావణం. మా పనిలో మొదటిది. ఇది పట్టుకోను రాందే ఇంకేదీ ముట్టుకోనీము. ఆ పొద్దు నేను జెప్పింది దీన్ని ఐవారూ," అన్నాడు.

జేబులో నా జాబితా ఇంకా ఉంది, చెమటకు మడతల దగ్గర చిరిగి. తీసి చూశాను. ఒకటో నంబరు: ట్వీజర్స్. ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు చెప్పినవాడి జేబులో ఇంగ్లీషు పేరు ఉంది, ఎదురుగా తెలుగు మాట వచ్చి నిలబడితే గుర్తుపట్టలేదు.

"నేనేమో మీరు మెడ్రాసు నించి తెప్పిస్తా ఉండారనుకుంటి," అన్నాడు ఆయన. "ఎన్నాళ్ళకీ రాకపాయె. మా నాయనదొకటి ఉంటే సానబట్టి మీ కోసరం ఎత్తిపెట్టినా. ఇచ్చిపోదామని బయల్దేరితే, అమ్మని ఆసుపత్రికి తీసకపోయినారన్నారు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సినవి అద్దాలు కాదు. "పదిరోజుల పని ఐవారూ. పదిరోజుల్లో మీ చేత అతికిచ్చి ఉందును."

నాకు నవ్వొచ్చింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నవ్వొచ్చింది. నా జీవితంలో నాకు తగిలిన శ్లేషలన్నిటిలోకీ మంచిది అదే. యాడిదాకా వచ్చింది, అంత దూరం నించా! వింటే ఆమె ఇల్లంతా తిరిగి నవ్వుతుంది, పక్కింటి అక్కను పిలిచి చెబుతుంది, పదేళ్ళు నన్ను దీంతోనే చంపుతుంది. వెంటనే చెప్పాలని లేచాను. చెప్పుల్లో కాళ్ళు పెట్టి నాలుగడుగులు ఇంటివైపు నడిచాను కూడా.

ఆచారి పిలవలేదు. నేను వెనక్కి వచ్చి కూర్చునేదాకా కుంపట్లో బూడిద కదుపుతూ ఉన్నాడు. తరువాత పళ్ళెంలో గుప్పెడు ఆవాలు పోసి, పక్కన ఖాళీ పళ్ళెం పెట్టి, శ్రావణం నా చేతిలో పెట్టాడు. ఒక్కొక్క గింజా ఇందులోంచి అందులోకి మార్చమన్నాడు.

అదే మొదటి పాఠం. గట్టిగా పడితే ఆవగింజ ఎగిరి వీధిలో పడుతుంది. మెత్తగా పడితే జారుతుంది. మధ్యాహ్నానికి ఇరవై గింజలు దాటించాను. ఎగిరినవాటికి లెక్కలేదు, రెండు కోళ్ళు వచ్చి నా తప్పులన్నీ దిద్దుకుని పోయాయి.

"మీరు పట్టడం బాగానే పడతా ఉండారు," అన్నాడు ఆచారి. "వదలను రావటంల్యా. పట్టూ ఉండాల, విడుపూ ఉండాల. శ్రావణమంటే ఆ రెండే."

నా పట్టు సంగతి ఆయనకు కొత్తగా చెప్పాలా.

ఆ తరువాత రోజూ వెళ్ళాను. వెళ్ళడానికి వేరే చోటు లేదు. ఆయన నాకు ఐదు పనిముట్లే నేర్పాడు, ఫోనులో అమ్మాయి చెప్పిన పన్నెండులో మిగతావన్నీ వీటి పిల్లలే అన్నాడు. శ్రావణం తరువాత చిన్న సుత్తి. పట్టుకోవడం రాకుండా కొట్టడం నేర్చుకోగూడదనేవాడు. బెత్తంతో మొదలుపెట్టి బతికినవాణ్ణి, ఆ వరస నాకు ఎవరూ ముందు చెప్పలేదు. తరువాత ఆకురాయి. అది ఆకూ కాదు, రాయీ కాదు, గరుకు పళ్ళున్న ఇనుప బద్ద. రాగి ముక్కలు అరగదీసి అరగదీసి నా బొటనవేలు సగం అందులో కలిసింది. తరువాత రేకు కత్తెర. అన్నిటికన్నా చివర ఊదుగొట్టం.

ఊదుగొట్టం దగ్గర నెల రోజులు ఆగిపోయాను. మంట నిలకడగా ఉండాలంటే ఊపిరి తెగకూడదు. బుగ్గల్లో గాలి నింపుకుని, నోటితో ఊదుతూనే ముక్కుతో తీసుకోవాలి. నాకు తెగిపోయేది. మంట ఒక్కసారి వెనక్కి వాలి వణికేది. అది చూడలేక గొట్టం కింద పెట్టేసేవాణ్ణి. ఎందుకు పెట్టేస్తున్నానో ఆచారి అడగలేదు. ఆసుపత్రిలో ఎనిమిది రోజులు నేను చూసింది ఆయన చూడలేదు, అయినా తెలిసినట్టే ఉండేవాడు. "నిదానంగా ఐవారూ, తొందరేం ల్యా," అనేవాడు. అదీ నిజమే. తొందర పడాల్సిన రోజులు అయిపోయాయి.

రాగి తీగలు అతికాను. ఇత్తడి అతికాను. కార్తీకం వానల్లో, తుపాను పట్టి మూడు రోజులు కొట్టు ముందు మోకాలి లోతు నీళ్ళు నిలిచి, వడ్ల లారీలు కూడా రాని ఒక పగటిపూట, ఆచారి నా వైపు చెయ్యి చాపి, ఇంక తెచ్చినారా అన్నాడు. బామ్ డబ్బా అప్పటికి నెల నుంచి నా జేబులోనే ఉంది.

సొట్టపడిన బుట్టలోకి సన్న కర్రముక్క పోనిచ్చి లోపలి నుంచి నిదానంగా ఒత్తాను. గవ్వ మళ్ళీ గంట వైపు తిరిగింది. కాడ తెగినచోట ఆకురాయితో శుభ్రం చేశాను. కొత్త సీల ఆచారి చేసి ఉంచాడు, అది మటుకు నా వల్ల కాదని ఒప్పుకున్నాను. కరిగిన అతుకు పారడానికి వెలిగారం అద్ది, ఆవగింజలో పావు వంతుండే అతుకు ముక్కను శ్రావణంతో తీసి కీలు మీద పెట్టాను. ఎగరలేదు. జారలేదు. గొట్టం నోట్లో పెట్టుకున్నాను. వాన మోతలో నా ఊపిరి నాకే వినపడలేదు, బహుశా అందుకే తెగలేదు. ముక్క ఎర్రబడింది, ఒక్క క్షణం నీళ్ళబొట్టులా మెరిసింది, సందులోకి పరుగెత్తింది.

"అతికింది," అన్నాడు ఆచారి.

బుట్ట అంచున ఒక చిన్న సొట్ట మిగిలింది. ఇంకొంచెం ఒత్తితే పోతుంది, ఇటు ఇవ్వండి అన్నాడు. ఉండనివ్వమన్నాను. కుంకుడు రసంతో తోమి, రెండు కమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాం. ఏది ప్లేయర్ పాడుచేసిందో, ఏది ఆమె తల్లి ఇచ్చినట్టే ఉందో ఇప్పుడు సొట్టను బట్టే తెలుస్తుంది. వాన కొంచెం తగ్గాక ఎవరికైనా ఇస్తారా అని అడిగాడు. లేదన్నాను. ఆయన బామ్ డబ్బా మూత తన చేత్తోనే బిగించి ఇచ్చాడు. ఇప్పుడది ఆమె బైబిలు పక్కన ఉంది.

అక్కడితో ఇది అయిపోవాలి. కానీ ఒక బాకీ మిగిలింది, దాన్ని మనిషి మీద తీర్చుకోలేను. ఆచారి తప్పు లేదు. పక్కింటి అక్క తప్పు లేదు. నా తప్పుకు నాకు నేను వేసుకోవాల్సిన శిక్షలన్నీ వేసుకున్నాను. మిగిలింది ఆ నెల. రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ ఏమీ తేనిది.

కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక సంఘంలో క్యాలెండర్లు పంచారు. ఇంటికి తెచ్చి తగిలిద్దామంటే మేకుకు పాతది, ఆ పంచాంగం క్యాలెండరు, ఇంకా వేలాడుతోంది. ఆమె కప్పిన నా చొక్కా తడి మరక కూడా దానిమీద అలాగే ఉంది. దించాను. జూలై, ఆగస్టు, సెప్టెంబరు కాగితాలు తీసి బల్లమీద పరిచాను. కళ్ళద్దాలు పెట్టుకున్నాను. ఆచారి తండ్రి శ్రావణం పొట్లం విప్పాను.

ఎక్కడెక్కడ శ్రావణం అని అచ్చయి ఉందో వెతికాను. పెద్ద అక్షరాలవి ఐదు, చిన్నవి ఇంకొన్ని. ఒక్కొక్క అక్షరం అంచు మొనలతో గిల్లి లేపి, కాగితం పొర చినగకుండా, ఆచారి చూస్తే మెచ్చుకునేంత నేర్పుగా పీకాను. అధికమని వదల్లేదు, నిజమని జాలిపడలేదు. శ్రావణంతోనే శ్రావణాన్ని పట్టుకుని పీకాను. సాయంత్రమైంది. పీకినవన్నీ పళ్ళెంలో ఆవాలంత కుప్పయ్యాయి.

కిటికీ తీశాను. సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి వస్తోంది. ఒక్కొక్క ముక్కనూ మొనలతో తీసి, కిటికీ బయటికి చాపి, వేళ్ళు వదులు చేశాను. ఈసారి వదలడం బాగానే వచ్చింది.

పెద్ద పగేమీ కాదు. రెండు మార్కులది.